ఉతికి వాడే ఓటీ (ఆపరేషన్ థియేటర్) గౌన్లు: 11 నెలలు వాడాక, మరకలతో సహా

ముందే చెప్పేస్తున్నా. గౌన్లు బాగున్నాయి, మళ్లీ ఆర్డర్ పెట్టాం, ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తా. ఆ పోయిన ఒక్క స్టార్ సగం కంపెనీ వాళ్లు మెడ దగ్గర పెట్టిన వెల్క్రోకి, సగం మా సొంత తెలివితక్కువతనానికి. ఎవరైనా ఫోన్ చేసి "సిస్టర్, మేం కూడా డిస్పోజబుల్ మానేసి ఉతికేవి తీసుకుందామనుకుంటున్నాం, ఏ కంపెనీ మంచిది" అంటే నేను కంపెనీ పేరు చెప్పను. మీ లాండ్రీ ఎవరు చూస్తారు అని అడుగుతా. చాలామంది అక్కడే కాసేపు ఆగిపోతారు.

మాది ఖమ్మం వైపు 60 పడకల ఆసుపత్రి, రెండు థియేటర్లు. ఆదివారం తీసేస్తే రోజుకు సగటున ఐదు కేసులు. సిజేరియన్లు, హెర్నియాలు, అపెండిక్సులు, గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ, వారానికి రెండు మూడు ఎముకల కేసులు. నేను ఓటీ ఇన్‌చార్జిని, 19 ఏళ్లుగా ఇదే పని. నేను చేరిన కొత్తలో అన్నీ ఆకుపచ్చ కాటన్ గుడ్డలే, డ్రమ్ముల్లో కుక్కి ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో పెట్టేవాళ్లం. ఆ కాటన్ గురించి ఇప్పుడు కొందరు పెద్ద సార్లు "ఆ రోజులే వేరమ్మా" అంటుంటారు గానీ, స్క్రబ్ అయి (చేతులు కడిగి, గౌను, గ్లవ్స్ తొడుక్కుని) నిలబడ్డవాళ్లకు తెలుసు దాని సంగతి. సిజేరియన్‌లో ఉమ్మనీరు ఒక్కసారి ఎగదన్నిందంటే గౌను, లోపలి డ్రెస్సు దాటి ఒంటికి తగిలేది. తడిసిన కాటన్ అడ్డుగోడ కాదు, వత్తి లాంటిది, అటు క్రిములను ఇటు పీల్చుకుంటుంది. అందుకే డిస్పోజబుల్ వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. కరోనా వచ్చాక ఇక కాటన్ మాటే లేదు, గౌను, డ్రేపు (రోగి మీద కప్పే గుడ్డ), టోపీ, షూ కవర్, ట్రాలీ మీద పరిచే షీటు, అన్నీ చింపి పడేసేవే.

మరి మళ్లీ ఎందుకు వెనక్కి వచ్చాం అంటే, వెనక్కి రాలేదు. ఇది ఆ పాత కాటన్ కాదు. దాని గురించి తర్వాత చెప్తా, ముందు పసుపు కవర్ల సంగతి వినండి.

మీలో థియేటర్ పని తెలియనివాళ్లు ఉంటే, 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం రక్తం అంటిన గుడ్డ, దూది, గౌను పసుపు కవర్లోకి వెళ్లాలి, అక్కడి నుంచి బయో వేస్ట్ బండి ఎక్కి ప్లాంటుకు పోయి కాల్చేస్తారు. సెలైన్ సీసాలు, ట్యూబులు లాంటి ప్లాస్టిక్ ఎరుపులోకి, సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు నీలంలోకి. డిస్పోజబుల్ గౌను చూడ్డానికి కాగితంలా ఉంటుంది గానీ అది కాగితం కాదు, పాలీప్రొపిలీన్. అంటే మన బకెట్లు, మగ్గులు చేసే జాతి ప్లాస్టిక్కే. దాన్ని పోగులు తీసి మూడు పొరలుగా అతికిస్తారు, దాన్నే ఎస్ఎంఎస్ గుడ్డ అంటారు (ఫోన్ మెసేజ్ కాదు, మొదటిరోజు స్టోర్ అబ్బాయి అలాగే అనుకున్నాడు). దాన్ని 40 నిమిషాలు తొడుక్కుని కాల్చేస్తున్నాం.

ఒకరోజు ఏదో కుతూహలం కొద్దీ పిల్లల వార్డు తక్కెడ తెచ్చి కొత్త గౌను ఒకటి తూచాను. 160 గ్రాములు. కేసుకు ముగ్గురు స్క్రబ్ అవుతారనుకుంటే నెలకు 390 గౌన్లు, అంటే 60 కిలోల పైన. గౌన్లే, డ్రేపులు కలపకుండా. ఆ రోజు సాయంత్రం ఒక సిజేరియన్ కిట్ మొత్తం విప్పి చూశా. అందులో మేం అసలు వాడకుండా పక్కన పడేసేవి ఒక టేబుల్ కవరు, రెండు టవళ్లు, ఒక టేపు. కిట్‌లో వచ్చాయి కాబట్టి విప్పుతాం, విప్పాం కాబట్టి పారేస్తాం. రక్తం చుక్క కూడా అంటని ఆ షీటు కూడా హడావుడిలో పసుపు కవర్లోకే పోతుంది. మా ఆయమ్మ అది చూసి "కొత్త చీర కట్టకుండానే చెత్తలో వేసినట్టుంది సిస్టరమ్మా" అంది. 

ఈ లెక్క మా మత్తు డాక్టర్ గారికి చెప్తే ఆయన ఇంకా పెద్ద లెక్కలు చెప్పారు. ప్రపంచంలో వేడి పెంచే వాయువుల్లో ఆరోగ్య రంగం వాటా నాలుగు శాతం పైనే అని, ఆసుపత్రిలో చదరపు అడుగుకు లెక్కేస్తే మిగతా చోట్లకంటే థియేటర్ మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువ కరెంటు, ఏసీ తింటుందని. అవన్నీ విని మా మేనేజింగ్ డైరెక్టర్ సార్ తల ఊపారు గానీ, ఆయన నిజంగా కదిలింది డిస్పోజబుల్ బిల్లు పక్కన పెట్టి చూపించినప్పుడు. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో ఆపరేషన్‌కు వచ్చేది ఇంత అని ముందే కట్టేసి ఉంటుంది, కిట్ ధర పెరిగితే అది మన జేబులోంచే. ఏదైతేనేం, ఒప్పుకున్నారు.

ఇక గౌను సంగతి. పాలిస్టర్ గుడ్డ, చాలా సన్నటి పోగులతో బిగువుగా నేసింది. మధ్యమధ్యలో నల్లటి గీతల్లా కార్బన్ పోగులు కనిపిస్తాయి, అవి స్టాటిక్ కరెంటు రాకుండా. ఛాతీ దగ్గర, మోచేతి కిందా రెండు పొరలు, మధ్యలో నీళ్లు దాటని పలుచటి పొర. వీపు వైపు ఒంటి పొరే, గాలి ఆడుతుంది. పరీక్ష ప్రమాణం ఈఎన్ 13795 (థియేటర్ గౌన్లు, డ్రేపులకు యూరప్ వాళ్ల ప్రమాణం) అని ట్యాగ్ మీద ఉంది, కొనేటప్పుడు ఆ టెస్ట్ రిపోర్టు అడగండి, అది కూడా కొత్త గుడ్డది కాదు, ఎన్ని ఉతుకులు అయ్యాక చేసిన రిపోర్టో అడగండి. కొత్తప్పుడు ప్రతి గుడ్డా పాసవుతుంది. మాకు వచ్చిన హామీ 75 ఉతుకులు. కింద అంచు దగ్గర లోపలివైపు 75 చిన్న గళ్లు ప్రింట్ చేసి ఉంటాయి, ఉతికిన ప్రతిసారీ ఒక గడిలో చెరగని పెన్నుతో టిక్ పెట్టాలి. ఎంత సింపుల్‌గా ఉందో చూడండి, బార్‌కోడ్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. మా కొంప ముంచింది కూడా ఆ గళ్లే, వస్తా ఆ విషయానికి.

పెట్టె వచ్చిన రోజు నేను చేసిన మొదటి పని, 20 మి.లీ. సిరంజిలో నీళ్లు తీసుకుని చేతి మీద పోయడం. తామరాకు మీద నీటిబొట్టు చూశారుగా, అచ్చం అలాగే, గుండ్రంగా జారిపోయింది. లోపల చేయి పెట్టి ఒత్తి చూశా, పొడి. అదే పరీక్ష పాత కాటన్ గౌను మీద చేస్తే మూడు సెకన్లలో నా అరచేయి తడిసింది. సార్లకు కూడా చూపించా. మా గైనిక్ మేడమ్ వెంటనే "నాకు రేపటి నుంచే ఇవ్వు" అన్నారు. జనరల్ సర్జన్ గారు కొంచెం నసిగారు, "ఉతికినవి అంటే ఇన్ఫెక్షన్ వస్తే ఎవరిది బాధ్యత" అని. న్యాయమైన ప్రశ్నే. ఆపరేషన్ గాయాల ఇన్ఫెక్షన్ల మీద డబ్ల్యూహెచ్ఓ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ విషయం సూటిగా ఉంది: స్టెరైల్ (క్రిములు లేనిది) అయితే చాలు, ఒకసారి వాడి పారేసే, నేయని నాన్‌వోవెన్ అయినా, మళ్లీ వాడే నేసిన గుడ్డ అయినా వాడొచ్చు. మత్తు డాక్టర్ గారు అది ప్రింట్ తీసి స్క్రబ్ రూములో అద్దం పక్కన అంటించారు. ఎముకల సార్ మాత్రం మోకీలు మార్పిడి కేసులకు డిస్పోజబులే కావాలన్నారు, సరేనన్నాం. అక్కడ వాదన పెట్టుకోలేదు, ఆ మోకీలు కేసులు నెలకు నాలుగైదే.

తొడుక్కుంటే ఎలా ఉంటుందంటే, డిస్పోజబుల్‌లా గరగర చప్పుడు ఉండదు, ఒంటికి ఒదిగి ఉంటుంది, చేతులు ఎత్తితే చంకల దగ్గర చిరగదు. ఏసీ సరిగా ఉంటే హాయిగానే ఉంటుంది. మే నెలలో ఖమ్మం ఎండ మీకు చెప్పక్కర్లేదు, ఒకరోజు ఏసీ ట్రిప్ అయ్యి గంట సేపు ఆ గౌనుతో నిలబడాల్సి వచ్చింది, ఆ రెండు పొరల కింద చెమట మోచేతుల దాకా కారింది. అయితే ఆ రోజు ప్లాస్టిక్ గౌనులో ఉన్నా ఇంతకంటే బాగుండేదేం కాదు.

ఇక మరకల కథ.

కొన్న కొత్తలో ఉతకడం బయట లాండ్రీకి ఇచ్చాం, ఊళ్లో హోటళ్లకు, లాడ్జీలకు, ఇంకో రెండు నర్సింగ్ హోములకు కూడా అదే లాండ్రీ. తమ్ముడు మంచివాడే, టైముకు తెచ్చేవాడు. మూడో వారానికి గౌన్ల మీద, డ్రేపుల మీద కాఫీ రంగు మచ్చలు మొదలయ్యాయి. ఆటోక్లేవ్ చేసి విప్పితే స్టెరైల్ ట్రాలీ మీద మచ్చల డ్రేపు, చూసిన వాళ్లెవరైనా పాత రక్తం అనుకుంటారు. సర్జన్ గారు ఒకరోజు కేసు మధ్యలో డ్రేపు పట్టుకుని నావైపు చూశారు, ఏమీ అనలేదు, ఆ చూపే చాలు. నేను లాండ్రీకి ఫోన్ చేసి "తమ్ముడూ, మరకలు పోవట్లేదు, ఇంకొంచెం గట్టిగా చూడు" అన్నా. అతను ఇంకొంచెం బ్లీచింగ్ వేశాడు. మరకలు ఇంకా ముదిరాయి. మళ్లీ ఫోన్ చేశా, మళ్లీ బ్లీచింగ్ పెంచాడు, ఇలా ఓ పది రోజులు.

చివరికి తెలిసిందేంటంటే అది రక్తమే కాదు. మేం చర్మం కడగడానికి, చేతులు కడుక్కోవడానికి వాడే క్లోర్‌హెక్సిడిన్ గుడ్డలో కొంచెం మిగిలి ఉంటుంది. అది క్లోరిన్ బ్లీచ్‌తో కలిస్తే గోధుమ రంగు మరకగా మారి గుడ్డను పట్టేస్తుంది, ఇక పోదు. అంటే మరక పోవాలని పోసిన మందే మరకను పుట్టిస్తోంది. 19 ఏళ్ల సర్వీసులో నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. కాటన్ రోజుల్లో మేం వాడింది బెటాడిన్, స్పిరిట్, అందుకే అప్పుడు ఈ గొడవ రాలేదేమో. పోనీ ఆ లాండ్రీ తమ్ముడి తప్పా అంటే అదీ కాదు, హోటల్ దుప్పట్లకు అతను చేసేది అదే. చివర్లో మంచి వాసన రావాలని అతను కంఫర్ట్ లాంటిది కూడా వేసేవాడు. హోటల్ దుప్పటికి అది బాగానే ఉంటుంది, మా గౌనుకు అది విషం. ఆ మెత్తదనం ఇచ్చే మందు పోగుల మీద పూతలా పట్టి నీళ్లు జారే గుణాన్ని చంపేస్తుంది. సిరంజి పరీక్ష మళ్లీ చేస్తే నీటిబొట్టు జారడం మానేసి చదునుగా కూర్చుంది. 14 గౌన్లు అలా పోయాయి, వాటిని క్లీనింగ్ చేసేటప్పుడు ఆయమ్మలు తొడుక్కునేందుకు పక్కన పెట్టాం. ఇరవై వేల రూపాయల పాఠం.

ఆ తర్వాత ఉతుకు లోపలికి తెచ్చుకున్నాం. ముందువైపు తలుపు ఉండే పెద్ద మెషిన్ ఒకటి, వేడి నీళ్ల లైను, ఇద్దరు మనుషులు. పద్ధతి ఇప్పుడు ఇలా నడుస్తోంది: కేసు అవ్వగానే థియేటర్లోనే గౌను లోపలిది బయటికి తిప్పి మడిచి కవర్లో వేస్తారు, లాండ్రీలో ముందు చల్లని నీళ్లతో జాడిస్తారు (వేడి నీళ్లు ముందే తగిలితే రక్తం ఉడికి పట్టుకుంటుంది, ఇది మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలిసిందే), తర్వాత 71 డిగ్రీలు, 25 నిమిషాలు, మామూలు డిటర్జెంట్, బ్లీచ్ లేదు, సాఫ్ట్‌నర్ లేదు. ఎండలో కాదు, డ్రయ్యర్లో ఆరబెట్టాలి. మెషిన్ ఖర్చు గౌన్ల లెక్కలో కలపను, వార్డు దుప్పట్లు కూడా అందులోనే వేస్తున్నాం కాబట్టి.

మరో చిక్కు నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పు, డిటర్జెంట్ నురగ రాదు, జాడించినా తెల్లటి పొడి మిగులుతుంది, ఆ పొడి కూడా నీటిబొట్టు జారనివ్వదు. చివరి జాడింపు మాత్రం ఆర్వో నీళ్లతో చేయిస్తున్నా. పర్యావరణం పేరు చెప్పి నీళ్లు తగలేస్తున్నారు కదా అని మా అకౌంట్స్ అబ్బాయి దెప్పాడు. అమెరికాలో గౌను తయారీ నుంచి పారేసేదాకా లెక్కకట్టి 2020లో అచ్చువేసిన అధ్యయనంలో ఉతికేవాటికి శక్తి, వేడి పెంచే వాయువులు దాదాపు మూడింట రెండు వంతులు తక్కువని, నీళ్లు కూడా తక్కువేనని వచ్చింది, ఎందుకంటే పారేసే గౌను తయారుచేయడానికీ నీళ్లు కావాలి, అవి మనకు కనపడవు అంతే. కానీ అది వాళ్ల పెద్ద పెద్ద లాండ్రీల లెక్క. మా మెషిన్ సగం లోడుతో తిప్పితే ఆ లెక్క మాకు వర్తిస్తుందని నేను ప్రమాణం చేసి చెప్పను. అందుకే నిండా లోడు అయితేనే ఆన్ చెయ్యమన్నా.

ఆటోక్లేవ్ దగ్గర కూడా కొత్త అలవాట్లు నేర్చుకోవాల్సి వచ్చింది. కాటన్ రోజుల్లో డ్రమ్ము మూత మూయడానికి మోకాలితో నొక్కేవాళ్లం, అందరూ నవ్వుతారు గానీ నిజం. ఈ గుడ్డను అలా కుక్కితే ఆవిరి లోపలికి పోదు, పోయినా బయటికి రాదు, విప్పితే తడి ప్యాకు. తడి ప్యాకు అంటే స్టెరైల్ కాదన్నట్టే, మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు ఒక్కో ప్యాకులో రెండు గౌన్లే, నిలువుగా, మధ్యలో చేయి దూరేంత సందు ఉండేలా పేరుస్తున్నాం. పొద్దున్నే మొదటి సైకిల్ ఖాళీగా బౌవీ డిక్ టెస్ట్ (లోపలి గాలంతా పోయి ఆవిరి సరిగా చేరుతోందా అని చూసేది), తర్వాత 134 డిగ్రీల లోడు. ప్రతి ప్యాకు లోపలా ఇండికేటర్ స్ట్రిప్ (ఆవిరి సరిగా తగిలితే రంగు మారే పట్టీ). దీనివల్ల రోజుకు ఒక సైకిల్ ఎక్కువైంది, ఆ కరెంటు కూడా లెక్కలో వేసుకోవాలి.

లెక్క అన్నాను కాబట్టి చెప్తున్నా. మాకు డిస్పోజబుల్ గౌను ఒకటి 110 రూపాయలు పడేది. ఇది 1,450. హామీ ఉన్న 75 ఉతుకులకు భాగిస్తే వాడకానికి 19 చిల్లర, ఉతుకు, ఆవిరి, మనిషి కూలీ కలిపి మాకు 38 దాకా వస్తోంది, మొత్తం 57, 58. వాడకానికి 50 రూపాయల పైన మిగులు, నెలకు 390 వాడకాలు అంటే 20 వేల పైచిలుకు. 60 గౌన్లు కొన్నాం, పాడైన 14 పోగా కూడా లాభంలోనే ఉన్నాం. పోతే బయో వేస్ట్ బిల్లు తగ్గుతుందని ఆశపడ్డాం, ఒక్క రూపాయి తగ్గలేదు. మా దగ్గర మంచానికి ఇంత అని కడతాం, కిలోకు కాదు. పసుపు కవర్లు తగ్గాయి, బండివాడికి బరువు తగ్గింది, మాకు బిల్లు అదే. ఇది ఎవరైనా మారుస్తే బాగుండు.

ఇప్పుడు గళ్ల సంగతి. ఏడో నెలలో నేను నాలుగు రోజులు సెలవులో ఉన్నా, మా అక్క కూతురి పెళ్లి. నేను లేనప్పుడు టిక్కులు పెట్టలేదు. తిరిగొచ్చి అడిగితే "పెట్టాం మేడమ్" అన్నారు, చూస్తే అన్ని గౌన్ల మీదా వరసగా నాలుగేసి టిక్కులు, ఒకే పెన్ను, ఒకే చేతివాటం. సంతలో హాజరు పట్టీ వేసినట్టు. వాడినవీ వాడనివీ అన్నీ ఒకటే. అప్పటి నుంచి ఏ గౌను ఎన్నోసారి ఉతికిందో ఖచ్చితంగా తెలియదు. ఆ తర్వాత రెండు నెలలకు ఒక ఎమర్జెన్సీ సిజేరియన్‌లో మా జూనియర్ సిస్టర్ చేయి తడిసింది, గౌను తీశాక చూస్తే మోచేతి కింద చొక్కా మీద ఎర్రటి చారిక. గౌను మీద టిక్కులు 52. ఆ పిల్ల ఏడవలేదు గానీ ముఖం మాడిపోయింది, రక్తపరీక్షలన్నీ చేయించాం, పేషెంట్‌వీ నెగెటివ్, ఏం కాలేదు. కానీ నాకు మూడు రోజులు నిద్ర పట్టలేదు. గౌను తిప్పి లైటుకు పట్టి చూస్తే చేతి కుట్టు దగ్గర సూది మొనంత రంధ్రాలు మూడు. టవల్ క్లిప్ (డ్రేపులు కదలకుండా పట్టే కొక్కెం) గుచ్చుకుని ఉంటుంది. అంటే టిక్కుల సంఖ్య ఒక్కటే నమ్ముకుంటే సరిపోదు. ఇప్పుడు ఎక్స్‌రే చూసే పాత లైటు బాక్స్ ఒకటి లాండ్రీలో బల్ల మీద పడుకోబెట్టాం, మడిచే ముందు ప్రతి గౌను దాని మీద పరిచి చూడాల్సిందే. గౌనుకు ఒక నిమిషం. ఆ పనికి ఒకే మనిషిని పెట్టా, అన్ని పనులూ చేసే మనిషిని కాదు. కొనేముందు కంపెనీ వాళ్లు ఈ లైటు బల్ల గురించి ఒక్క మాట చెప్పి ఉంటే సగం స్టార్ వెనక్కి ఇచ్చేదాన్ని.

కంపెనీ మీద మిగిలిన కంప్లెయింట్లు: మెడ వెనక వెల్క్రో. ఉతికే కొద్దీ దానికి నూలు, వెంట్రుకలు పట్టి పిచ్చుక గూడు అవుతుంది, 30 ఉతుకులకే అంటుకోవడం మానేసింది. దువ్వెన పెట్టి తీయిస్తున్నా. చేతి చివర అల్లిక పట్టీ కూడా వదులైపోతుంది, గ్లవ్స్ కిందికి జారతాయి. శాంపిల్‌గా ఇచ్చిన గౌను పట్టీ బిగువుగా ఉంది, లాటులో వచ్చినవి అలా లేవు, అడిగితే "అదే క్వాలిటీ మేడమ్" అని ఒకటే పాట. సైజులు కూడా పొడుగు మగవాళ్లను చూసి కుట్టినట్టున్నారు, నా ఎత్తు ఐదడుగులు, నేలకు ఈడుస్తుంది.

హెచ్ఐవీ, హెపటైటిస్ పాజిటివ్ కేసులకు మాత్రం ఇప్పటికీ డిస్పోజబుల్ కిట్టే విప్పుతున్నారు. నాకు ఇది నచ్చదు, ప్రతి పేషెంట్ దగ్గరా ఒకటే జాగ్రత్త ఉండాలని చదువుకున్నాం కదా, రిపోర్టు రానివాళ్లలో పాజిటివ్ ఉండరా ఏంటి? చెప్పా. వినలేదు. ఆ ఒక్క విషయంలో భయం చదువుకంటే పెద్దది.

గౌన్ల గురించి ఇంత రాశాను గానీ, థియేటర్‌ను పచ్చగా చెయ్యాలంటే గౌన్లే మొదలు అని మాత్రం అనుకోకండి. మాకు అసలు పెద్ద తేడా వచ్చింది ఒక్క పైసా పెట్టని పనుల్లో. మత్తు డాక్టర్ గారు గ్యాస్ ఫ్లో నిమిషానికి 4 లీటర్ల నుంచి లీటరుకు దించారు, సెవోఫ్లూరేన్ (పీల్చే మత్తు మందు) బాటిల్ ముందుకంటే ఎన్నో రోజులు ఎక్కువ వస్తోంది. రోగి పీల్చేది కొంచెమే, మిగతాదంతా పైపు గుండా ఆకాశంలోకే పోయేది కదా. డెస్‌ఫ్లూరేన్ అనే ఇంకో మత్తు మందు మా దగ్గర ఎప్పుడూ లేదు, అది కార్బన్ డయాక్సైడ్‌కంటే 2,500 రెట్ల పైన వేడిని పట్టి ఉంచుతుందట. స్కాట్లాండ్ 2023లోనే దాన్ని మానేసింది, యూరోపియన్ యూనియన్ 2026 జనవరి నుంచి కట్టడి పెట్టింది. నైట్రస్ ఆక్సైడ్ (ఇదీ మత్తు వాయువే) పైపులైన్ కూడా మూసేయించారు. బ్రిటన్‌లో లెక్కపెడితే లైనులో పోసిన నైట్రస్‌లో చాలా భాగం రోగి ముక్కు దాకా చేరకుండానే లీకైపోతోందని తేలిందట. మేం సబ్బు నీళ్లు రాసి చూస్తే మా వాల్వుల దగ్గర కూడా బుడగలే బుడగలు. ఇప్పుడు అవసరమైతే మెషిన్‌కే చిన్న సిలిండర్ తగిలిస్తారు. ఏసీ సంగతి కూడా అంతే, రాత్రి కేసులు లేనప్పుడు ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) వాళ్లు అడిగేది బ్లోయర్ ఆడుతూ ఉండాలని, చల్లగా ఉండాలని కాదు. మేం ఇన్నేళ్లూ ఖాళీ థియేటర్‌ను తెల్లవార్లూ 20 డిగ్రీల్లో పెట్టి దోమలకు ఏసీ వేశాం.

ఇవన్నీ విదేశాల వాళ్లు మనకు నేర్పాల్సినవని అనుకునేవాళ్లకు ఒక మాట. మన దక్షిణాది అరవింద్ కంటి ఆసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్ ఒక్కోదానికి వెలువడే కార్బన్ 6 కిలోల దగ్గర ఉందని, బ్రిటన్‌లో అదే ఆపరేషన్‌కు దాదాపు 20 రెట్లని 2017లో లెక్కతేల్చారు. కంటి ఫలితాల్లో మనవాళ్లేమీ తీసిపోలేదు. గుడ్డలు ఉతుక్కుని, పరికరాలు స్టెరైల్ చేసుకుని మళ్లీ వాడుకోవడమే అందులో పెద్ద రహస్యం. మనం మానేసిన అలవాటును వాళ్లు ఇప్పుడు పేపర్లు రాసి నేర్చుకుంటున్నారు, మనమేమో వాళ్ల పాత అలవాటు పట్టుకుని కిట్లు చింపుతున్నాం.

సరే, కొనాలా వద్దా. రోజుకు ఒకటీ అరా కేసు చేసే చిన్న నర్సింగ్ హోమ్ అయితే, సొంత మెషిన్ లేకపోతే, వద్దు. బయటి లాండ్రీకి వెళ్లి ఒక రోజంతా నిలబడి చూడకుండా ఇవ్వొద్దు. ఐదారు కేసులు పైన ఉండి, లాండ్రీకి ఒక బాధ్యత గల మనిషిని కేటాయించగలిగితే కళ్లు మూసుకుని తీసుకోండి. ముందు పది కొని ఒక నెల వాడి చూడండి, మాలాగా ఒకేసారి 60 కొనకండి. డ్రేపులు గౌన్ల తర్వాత ఆరు నెలలకు మొదలుపెడితే మంచిది, మడిచే పద్ధతి, రంధ్రం చుట్టూ అతుకులు, అవన్నీ ఇంకో తలనొప్పి.

మాకు వచ్చే నెల ఇంకో 40 వస్తున్నాయి. ఈసారి వెల్క్రో వద్దు, మెడ దగ్గర కట్టుకునే తాళ్లు పెట్టమన్నా, పది మాత్రం పొట్టివాళ్ల సైజులో. 75 దాటిన పాతవాటిని మా ఊరి టైలర్ బాబాయి కత్తిరించి ఆటోక్లేవ్ ట్రాలీకి, సక్షన్ మెషిన్‌కు దుమ్ము కవర్లు కుడుతున్నాడు. మచ్చలున్న వైపు లోపలికి పెట్టి కుట్టమని చెప్తే "ఎందుకమ్మా, డిజైన్‌లా ఉంది" అన్నాడు.